నాన్నగారి తుపాకీ అటక మీద, అడవి పందులు చేలో

ప్రశ్న: నల్లమల అంచున మాకు ఐదెకరాల పొలం ఉంది. మూడెకరాల్లో వేరుశనగ, రెండెకరాల్లో మొక్కజొన్న వేస్తాం. రెండేళ్లుగా అడవి పందులు మంద కట్టి వచ్చి చేను మొత్తం తవ్వేస్తున్నాయి. నాన్నగారికి పంట కాపలా కోసమని మందు కూరి పేల్చే పాత తుపాకీ, దానికి లైసెన్సు ఉండేవి. ఆయన పోయి ఏడాది దాటింది. తుపాకీ ఇంకా అటక మీదే ఉంది. దాన్ని నేను వాడుకోవచ్చా? నా పేరు మీద లైసెన్సు కావాలంటే ఏం చేయాలి? లైసెన్సు వచ్చాక పందిని కాల్చినా ఇబ్బంది ఉండదు కదా? ఊళ్లో ఒకాయన లైసెన్సు లేని నాటు తుపాకీ ఇప్పిస్తానంటున్నాడు. ఇంకొకాయన చేను చుట్టూ కరెంటు తీగ లాగేయమంటున్నాడు. ఇంటర్ చదివే మా అబ్బాయి రాత్రి కాపలాకి తోడు వస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు

సమాధానం: వేరుశనగకి ఊడలు దిగే వేళ పందుల మంద పడితే ఒక్క రాత్రిలో ఎంత పంట పోతుందో తెలిసినవాళ్లెవరూ మీ కోపాన్ని తప్పు పట్టరు. పెట్టుబడి పెట్టి, నిద్ర మానుకుని కాపలా కాసి, తెల్లారి లేచి తవ్విపోసిన సాళ్లు చూడటం చిన్న బాధ కాదు. కానీ మీ ఉత్తరంలో పందుల కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. అది మీ అటక మీద ఉంది.

ఆ తుపాకీని మీరు వాడకూడదు. అలా ఇంట్లో ఉంచుకోవడం కూడా కుదరదు. లైసెన్సు మీ నాన్నగారి పేరు మీద ఇచ్చారు, ఆయనతోనే దాని పని అయిపోయింది. ఆయుధాల చట్టం (1959) 21వ సెక్షన్ ప్రకారం, తుపాకీ ఉంచుకునే హక్కు పోయిన రోజు నుంచి అనవసరంగా ఆలస్యం చేయకుండా దాన్ని దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ అప్పగించాలి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు వెళితే కేసు పెడతారేమోనన్న టెన్షన్ మీకు ఉండే ఉంటుంది. అలా అని ఇంకో ఏడాది ఆగితే పరిస్థితి మరింత చెడుతుందే తప్ప బాగుపడదు. మీ అంతట మీరు వెళ్లి చెప్పడానికి, ఎవరో చెబితే పోలీసులు మీ ఇంటికి రావడానికి చాలా తేడా ఉంది. ముందు ఒక వకీలుతో మాట్లాడండి. నాన్నగారి లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని స్టేషన్‌కి వెళ్లండి. ఆలస్యం ఎందుకైందో ఉన్నది ఉన్నట్టు ఒక అర్జీ రాసి ఇవ్వండి. తుపాకీ అప్పగించినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి. రేపు లైసెన్సు అడిగేటప్పుడు ఆ రసీదే మీకు ఆధారం.

తుపాకీని మాత్రం మీరే అటక మీంచి దించి, గోనెసంచిలో చుట్టి, బండి మీద పెట్టుకుని వెళ్లకండి. మొదటి కారణం, లైసెన్సు లేకుండా దాన్ని తీసుకెళ్లడమే నేరం. రెండోది అంతకంటే ముఖ్యం. మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీలో మందు ఉందో లేదో పైకి చూస్తే తెలియదు. మధ్యలో విరిచి లోపల చూడటానికి ఇది తూటాలు పెట్టే డబుల్ బ్యారెల్ కాదు. మీ నాన్నగారు చివరిసారి కాపలా నుంచి వచ్చినప్పుడు మందు, గుళ్లు కూరి అలాగే పెట్టి ఉండొచ్చు. తుపాకీ మందు పొడిగా ఉంటే ఏళ్ల తరబడి చెడిపోదు. దశాబ్దాల పాటు మూలన పడి ఉన్న తుపాకీ కూడా పేలగలదు. అందుకే దాని గుర్రం (సుత్తిలా పడి పేల్చే భాగం) వెనక్కి లాగి చూడటం, గొట్టంలో కడ్డీ దూర్చి కదపడం, గొట్టంలోకి కన్ను పెట్టి చూడటం ఏవీ చేయొద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. స్టేషన్‌లో ‘మందు కూరి ఉందేమో తెలియదు’ అని స్పష్టంగా చెప్పండి. దాన్ని దించడం, ఖాళీ చేయడం తెలిసినవాళ్లు చూసుకుంటారు. దానితోపాటు ఏ డబ్బాలోనో తుపాకీ మందు, దాన్ని అంటించే చిన్న పేలుడు టోపీలు కూడా ఉండొచ్చు. వాటి సంగతీ చెప్పండి.

ఇక లైసెన్సు. మీకు అనుకూలమైన మాట చట్టంలోనే ఉంది. 13వ సెక్షన్ ప్రకారం, నిజంగా పంట రక్షణ కోసం మందు కూరే తుపాకీ అడిగిన పౌరుడికి, తిరస్కరించడానికి చట్టం చెప్పిన కారణాలేవీ లేకపోతే, లైసెన్సు ఇవ్వాలి. అలాంటి తుపాకీ సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే, లోపల గాడులు లేని నున్నటి గొట్టం తుపాకీకి, అంటే మామూలు పన్నెండు బోరు లాంటిదానికి, లైసెన్సు ఇవ్వొచ్చు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని కూడా 14వ సెక్షన్‌లో ఉంది. ఐదెకరాల రైతుకి తుపాకీ ఎందుకని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. కాదంటే కారణాలు రాతపూర్వకంగా అడగొచ్చు, అప్పీలుకీ వెళ్లొచ్చు.

మీరు వారసులు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. లైసెన్సుదారు చనిపోయినప్పుడు ఆ ఆయుధాన్ని, లైసెన్సుని వారసుడి పేరుకి ఇచ్చే వీలు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. మీ అమ్మగారు, తోబుట్టువులు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. కుటుంబంలో ఒక్కరు అడ్డం తిరిగినా ఫైలు అక్కడే ఆగిపోతుంది.

దరఖాస్తు జిల్లాలో కలెక్టరుకి, పోలీసు కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్‌కి పెట్టుకోవాలి. ఆధార్, ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం, శారీరక మానసిక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటానన్న హామీ, తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు పత్రం, ఇవీ అడిగే కాగితాలు. స్థానిక పోలీసులు విచారణ చేసి నివేదిక పంపుతారు. పాత కేసులు, ఊళ్లో గొడవలు, తాగుడు, అన్నీ అందులోకి వస్తాయి. లైసెన్సు వస్తే దాని మీద మీకొక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇప్పుడు గడువు ఐదేళ్లు. 2019కి ముందు మూడేళ్లే ఉండేది. శిక్షణ పత్రాన్ని చాలామంది తప్పని తతంగంలా చూస్తారు. మీరు అలా చూడకండి. నాన్నగారిని చూసి నేర్చుకున్నాను కదా అనుకుంటే, ఆయన చేసిన పొరపాట్లు కూడా నేర్చుకుని ఉంటారు.

మీది నల్లమల అంచు అన్నారు కాబట్టి ఇంకో సంగతి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే పెద్ద అధికారి) ముందస్తు అంగీకారం ఉండాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 34వ సెక్షన్ ఇది. మీ ఊరు ఆ పరిధిలో ఉందో లేదో అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ముందే కనుక్కోండి. ఉంటే ఫైలు అటవీశాఖ దాకా వెళ్లి రావాలి, సమయం పడుతుంది. ఈ పంటకి తుపాకీ చేతికొస్తుందన్న లెక్కతో మాత్రం ఉండకండి.

మీ ఉత్తరంలో అసలు ప్రశ్న మూడోది. లైసెన్సు వస్తే పందిని కాల్చొచ్చా? కాల్చకూడదు. దీన్ని చాలామంది రైతులు ఒకటే అనుమతి అనుకుని ఇరుక్కుంటున్నారు. కలెక్టర్ ఇచ్చే కాగితం తుపాకీ మీ దగ్గర ఉండటానికి. అడవి జంతువుని చంపడానికి అటవీశాఖ నుంచి వేరే కాగితం కావాలి. అడవి పంది 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో, ఉంది. దాన్ని వేటాడటం 9వ సెక్షన్ కింద నిషేధం. అయితే 11వ సెక్షన్‌లో రైతుకి ఒక తలుపు తెరిచే ఉంచారు. రెండో షెడ్యూల్ జంతువు మనుషులకి గానీ, చేలో ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిందని నమ్మకం కలిగితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ, కారణాలు రాసి, దాన్ని చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. ‘చేలో ఉన్న పంట’ అన్న మాట చట్టంలోనే ఉంది. మీ అర్జీలో ఆ మాట వాడండి.

కొన్ని రాష్ట్రాలు ఈ అధికారాన్ని కిందికి దించాయి. కేరళలో 2022లో పంచాయతీ అధ్యక్షుల్నే గౌరవ వన్యప్రాణి వార్డెన్లుగా చేసి, అడవి పందుల విషయంలో లైసెన్సు ఉన్నవాళ్లతో కాల్పించే ఏర్పాటు చేశారు. కేంద్రం కూడా 62వ సెక్షన్ కింద కొన్ని ప్రాంతాల్లో కొంతకాలానికి అడవి పందిని హానికర జంతువుగా ప్రకటించింది. 2015లో బీహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో అలా జరిగింది. అవి ఆ జిల్లాలకి, ఆ గడువుకి మాత్రమే. ఎక్కడో ప్రకటించారని వాట్సాప్‌లో వచ్చింది చూసి మీ చేలో తుపాకీ ఎత్తకండి. మీ మండలంలో ఇవాళ ఎవరు అనుమతి ఇవ్వగలరో రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి. అనుమతి వచ్చినా చాలాచోట్ల రైతు చేతే కాల్పించరు. అనుభవం ఉన్న షూటర్‌ని పంపి, సిబ్బంది సమక్షంలో చేయిస్తారు. నా ఉద్దేశంలో అదే మంచిది కూడా. చంపిన జంతువు మాంసాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఇంకో కేసు. అది గుర్తుంచుకోండి. నెమలి, చిరుత, పులి లాంటి మొదటి షెడ్యూల్ జంతువుల విషయంలో ఈ తలుపు రైతుకి దాదాపు మూసినట్టే. పంది మీద పడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిజాయితీగా ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదు. కానీ చేను తవ్వుతున్న పంది మిమ్మల్ని తరిమిన పంది కాదు.

మరి తుపాకీ ఎందుకు అంటారా? అనుమతి దొరికిన రోజున వాడటానికి. దాన్ని చేతబట్టి రాత్రి చేలో కూర్చోవడం అంటే ఏమిటో చెప్పాలి.

పంది వచ్చేది చీకట్లో. మంచె మీంచి చూస్తే మొక్కజొన్న కదులుతుంది, నల్లటి ఆకారం ఏదో కనబడుతుంది. ఆ సమయంలో చేలో పంది ఒక్కటే ఉండదు. పక్క రైతు నీళ్లు కట్టడానికి వచ్చి గట్టు మీద వంగి ఉండొచ్చు. మేకల వెంట ఎవరో పడుకుని ఉండొచ్చు. నిద్రపట్టక లేచిన ముసలాయన ఒకటికి వెళ్లడానికి కూర్చుని ఉండొచ్చు. కూర్చున్న మనిషి చీకట్లో పంది ఎత్తే ఉంటాడు. పంది అనుకుని మనిషిని కాల్చిన వార్తలు మన పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో మీకూ తెలుసు. చాలాసార్లు కాల్చినవాడూ, చనిపోయినవాడూ ఒకే ఊరివాళ్లు, బంధువులు. కాబట్టి కదలిక మీద, చప్పుడు మీద, కళ్ల మెరుపు మీద ఎప్పుడూ కాల్చకూడదు. తల, చెవులు, ముట్టె, కాళ్లు, మొత్తం జంతువు వెలుతురులో కనబడాలి. సందేహం ఉందంటే కాల్చకపోవడమే జవాబు. పోయేది నాలుగు సాళ్ల వేరుశనగే.

జంతువు కనబడ్డాక కూడా దాని వెనక ఏముందో చూడాలి. పెద్ద గుళ్లు అర కిలోమీటరు దూరం పోగలవు. ఒంటి గుండైతే కిలోమీటరు దరిదాపుల దాకా వెళుతుంది. బండరాయికి, గట్టినేలకి, నీటి మట్టానికి తగిలితే దారి మళ్లుతుంది. వెనక మట్టిగట్టు లాంటిది ఉంటేనే, పైనుంచి కిందికి కాల్చేటట్టు ఉంటేనే అది కాస్త క్షేమం. గట్టు మీద నిలబడి, ఆకాశం వెనకగా కనబడే పందిని కాల్చారంటే ఆ గుండు ఎక్కడ పడుతుందో మీకే తెలియదు. భయపెట్టడానికి గాల్లోకి కాల్చడం కూడా ఇంతే. నిర్లక్ష్యంగా, ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది కూడా 2019 సవరణలోదే.

మందు ఎప్పుడు కూరాలంటే, కూర్చున్నచోట స్థిరంగా కూర్చున్నాక. ఇంటి నుంచి పొలానికి నడిచేటప్పుడు, కాలవ దాటేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి. తుపాకీ మూతి ఎప్పుడూ మనిషి లేని వైపే ఉండాలి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా ట్రిగ్గర్ మీద వేలు పడకూడదు. బురదలో మూతి గుచ్చుకుందంటే ఆ రాత్రికి ఇక కాల్చొద్దు. గొట్టంలో మట్టి ముద్ద ఉండగా పేలిస్తే గొట్టం చీలి చేతుల్లోనే పేలుతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే కిందికి దించి చూడకండి. మందు తడిసి ఆలస్యంగా అంటుకోవచ్చు. మూతిని అటే పట్టుకుని నిమిషమో రెండు నిమిషాలో ఆగాలి. అప్పుడే కాల్చిన తుపాకీలో వెంటనే మళ్లీ తుపాకీ మందు పోయకూడదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే మందు మీ ముఖం మీదికి ఎగుస్తుంది. తాగిన రాత్రి కాపలాకి తుపాకీ తీసుకోవద్దు, ఒక్క పెగ్గే అయినా సరే. ఇంట్లో తుపాకీ ఒకచోట, తూటాలు లేదా మందు వేరొకచోట, రెండూ తాళం కింద ఉండాలి. తాళంచెవి మీ మొలతాడుకే ఉండాలి.

గాయపడిన పంది వెంట చీకట్లో వెళ్లకండి. కోరలతో తొడ చీల్చిందంటే ఆస్పత్రికి చేరేలోపు రక్తం పోతుంది. ఏనుగుల్ని చూసి భయపడే మనం పందిని చిన్నచూపు చూస్తాం.

అబ్బాయి సంగతి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లు తుపాకీ ఉంచుకోకూడదు, మోయకూడదు. మీ లైసెన్సు మీద వాడు కాల్చడమన్న ప్రశ్నే లేదు. కాపలాకి టార్చితో, డప్పుతో తోడు వస్తే రానివ్వండి. తుపాకీ ఉన్న రాత్రి మాత్రం వాడు ఇంట్లో ఉండాలి, లేదా మీ పక్కనే, మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. చేలో ఇంకోవైపు నుంచి పందుల్ని తోలుకొస్తానంటే ఒప్పుకోకండి.

నాటు తుపాకీ మాట వినకండి. దాన్ని తయారుచేసేవాడు నీళ్ల పైపు ముక్కని వెల్డింగ్ చేసి ఇస్తాడు. మందు ఒత్తిడికి అది ఎన్నిసార్లు నిలబడుతుందో వాడికే తెలియదు. పట్టుబడితే తుపాకీ ఇచ్చినవాడు ఎక్కడా కనబడడు. నాటు బాంబులూ అంతే. పంది కోసం పెట్టింది పశువు కొరికినా పేలుతుంది, పిల్లాడు ముట్టుకున్నా పేలుతుంది.

కరెంటు తీగ మీద నాకు ఇంకా కోపం ఉంది. లైను మీంచి నేరుగా తీగ లాగితే అది పందికీ మనిషికీ తేడా చూడదు. తెల్లారి తీయడం మరిచిపోతే పెట్టినవాడే, వాడి భార్యే, పశువులకి గడ్డి కోసుకోవడానికి వచ్చిన కూలీయే చనిపోతారు. నల్లమల అంచున పులి దానికి తగిలితే మీ జీవితం కోర్టుల చుట్టూ తిరుగుతుంది. మనిషి చనిపోతే హత్యతో సమానం కాని నరహత్య కేసు పెట్టొచ్చు, కరెంటు దొంగతనం కేసు వేరే. దీన్ని సోలార్ కంచెతో కలపకండి. సోలార్ కంచెలో ఎనర్జైజర్ (తీగలోకి కరెంటు పంపే పెట్టె) నుంచి క్షణానికొకసారి అతి చిన్న పాటి దెబ్బ వస్తుంది, తగిలిన జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. ప్రమాణాల ప్రకారం ఉన్న ఎనర్జైజరే కొనండి. దానికి ఇంటి కరెంటు కలిపే తెలివి ఎవరు చెప్పినా వినకండి. రాయితీ ఏమైనా ఉందేమో వ్యవసాయ అధికారిని అడగండి.

ఈ సీజన్‌కి తుపాకీ రాదు కాబట్టి ఇప్పుడు చేయగలిగింది కంచె, సరిహద్దు పంట, కాపలా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెన్నెముక ఉన్న జంతువుల వల్ల పంటకి జరిగే నష్టంపై పనిచేసే అఖిల భారత పరిశోధనా పథకం ఉంది. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం సాళ్లు దగ్గరగా వేయమని వాళ్లు చెబుతారు. కుసుమ ముళ్లు పందికి గుచ్చుకుంటాయి, ఆముదం వాసన పంట వాసనని కప్పేస్తుంది, దాన్ని పంది తినదు. నేలకి దగ్గరగా ముళ్లతీగ రెండు మూడు వరసలు లాగడం కూడా పనిచేస్తుంది. పంది ఎక్కువగా ముట్టెతో కిందినుంచే దూరుతుంది. అందుకే కింది వరస తీగకి, నేలకి మధ్య సందు లేకుండా చూసుకోండి. ఏ ఉపాయమైనా కొద్దిరోజులకి పందులకి అలవాటైపోతుంది. కాబట్టి చప్పుడు, వాసన, వెలుతురు మార్చుతూ ఉండాలి. మీ ఒక్క చేనే కట్టుకుంటే మంద పక్క చేలో పడుతుంది. ఆ గట్టు రైతులు నలుగురు కలిసి కంచె వేస్తే ఖర్చూ తగ్గుతుంది, కాపలా వంతులూ వేసుకోవచ్చు.

పంట పోయిన రోజు పొద్దున్నే, పొలం సరిచేయకముందే, సర్వే నంబరు తెలిసేలా ఫొటోలు తీయండి. పందుల అడుగులు, తవ్విన సాళ్లు, మిగిలిన కాయ, అన్నీ కనబడాలి. వ్యవసాయ అధికారికి, అటవీశాఖ బీట్ ఆఫీసరుకి అదేరోజు తెలియజేసి, నష్టపరిహారానికి అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. ఇలాంటి అర్జీలు మీ ఊరి రైతులంతా పెట్టి ఉంటే, రేపు పందిని చంపడానికి అనుమతి అడిగినప్పుడు అవే కారణంగా నిలబడతాయి. ఎందుకంటే 11వ సెక్షన్ కింద అధికారి కారణాలు రాయాలి. ఆ కారణాలు ఆయనకి మీ కాగితాల్లోంచే రావాలి.